బాణం తగలనివాళ్ల లెక్క

చందానగర్‌లో మా వీధి కూరగాయల బండి దగ్గర ఎవరైనా "మీరు ఏం ఉద్యోగం చేసి రిటైరయ్యారు?" అని అడిగితే, "అమెరికాలో విల్లు పట్టుకుని వేటకు పోయేవాళ్లలో ఎంతమందికి జంతువు దొరుకుతుందో కనుక్కునేదాన్ని" అని చెబుతాను. వాళ్లు ఒకసారి నా మొహం వైపు, ఒకసారి నా సంచిలోని సొరకాయ వైపు చూస్తారు. నేను పుట్టి బుద్ధెరిగాక కోడిగుడ్డు కూడా ముట్టలేదు. అయినా చెప్పినదాంట్లో అబద్ధం ఏమీ లేదు. హైటెక్ సిటీలో ఒక అద్దాల మేడలో కూర్చుని ఏళ్లతరబడి అదే పని చేశాను, చేయించాను.

ఈ మధ్య మా చెల్లెలి మనవరాలు ఇలాంటి ఫోన్ సర్వేల కంపెనీలోనే చేరింది. "పెద్దమ్మమ్మా, స్క్రిప్టు చదవడమే కదా పని?" అంది. నాకు ఒళ్లు మండింది. ఆ పిల్ల కోసమూ, ఆమెలాంటి వాళ్ల కోసమూ ఇది రాస్తున్నాను. నా ప్రమోషన్ల గురించి రాయను. అవి నాకే విసుగు.

పొద్దున్నే వేట

మా కంపెనీ సబ్బుల మీద, బ్యాంకుల మీద, హోటళ్ల మీద చాలా సర్వేలు చేసింది. అవేవీ నాకు గుర్తు లేవు. గుర్తున్నదల్లా పడమటి కొండల్లోని ఒక అమెరికా రాష్ట్రం వాళ్ల వన్యప్రాణి శాఖ ఇచ్చిన పని. వేట సీజను ముగిశాక లైసెన్సు తీసుకున్నవాళ్లకు ఫోన్ చేయాలి. వేటకు వెళ్లారా, ఎన్నాళ్లు తిరిగారు, జంతువు దొరికిందా అని అడగాలి. ఆ జవాబులను బట్టి అడవిలో ఎన్ని జంతువులు మిగిలాయో, వచ్చే ఏడు ఎంతమందిని వేటకు పంపవచ్చో వాళ్లు తేల్చుకుంటారు. మేం తప్పు లెక్క పంపితే ఎవరికో లైసెన్సు పోతుంది, లేదా అడవికి నష్టం జరుగుతుంది.

వాళ్లు సాయంత్రం భోజనాలు ముగించే వేళకు మనకు తెల్లవారుతుంది. అందువల్ల మేం రాత్రంతా మేలుకోనక్కర్లేదు. పొద్దున్నే షేర్ ఆటోల్లో దిగి, రోడ్డు పక్క వేడి ఇడ్లీ తిని, ఎండ అద్దాల మీద పడే సమయానికి హెడ్‌ఫోన్లు తగిలించుకునేవాళ్లం. ఐటీ వాళ్లు కళ్లు నులుముకుంటూ ఆఫీసులకు వచ్చే వేళకు మా వేట ముగిసేది. ఉద్యోగ జీవితంలో నాకు అన్నిటికంటే నచ్చిన వేళలు అవే.

మేం ఎక్కువగా అడిగేది ఎల్క్ అనే జంతువు గురించి. మన కణుజు జింకలాంటిదే, కానీ ఒళ్లు ఎద్దంత ఉంటుంది. తుపాకీవాడు కొండ ఈ పక్కన కూర్చుని ఆ పక్కన ఉన్నదాన్ని కొడతాడు. విల్లు పట్టినవాడు అలా కాదు, దాని ఊపిరి వినిపించేంత దగ్గరికి పోవాలి. గాలి తిరిగితే అది పసిగడుతుంది. కాలి కింద పుల్ల విరిగితే పారిపోతుంది. అందుకే విల్లుతో పోయినవాళ్లలో పదిమందిలో ఒకరికో ఇద్దరికో దొరికితే గొప్ప. మిగతావాళ్లు ఉత్త చేతులతో ఇంటికొస్తారు. కొత్తలో నాకు ఇది అస్సలు అర్థం కాలేదు. దొరకదని తెలిసీ సెలవు పెట్టి, చలిలో చెట్టెక్కి కూర్చోవడమేంటని ముక్కున వేలేసుకునేదాన్ని.

'లేదు' అనడం

ఫోన్ సర్వేకు ముందు నేను కడప వైపు ఇల్లిల్లూ తిరిగి సర్వేలు చేశాను. మన ఇళ్లలో బియ్యం అయిపోతే "లేవు" అనరు, "నిండుకున్నాయి" అంటారు. లేదు అనే మాట నోట రావడం మనవాళ్లకు కష్టం, వినడం ఇంకా కష్టం. మా ఆఫీసు పిల్లలు ఈ అలవాటును ఫోన్లలోకి కూడా తెచ్చుకున్నారు. అవతలివాడు "దొరకలేదు" అనగానే ఇంట్లో ఎవరో పోయినట్టు "అయ్యో" అనేవాళ్లు. ఆ మాట వినగానే అవతలివాడు ఫోన్ పెట్టేసేవాడు.

నరేశ్ అని మా టీములో ఒకడుండేవాడు. నానక్‌రామ్‌గూడలోనే పుట్టి పెరిగాడు, వాళ్ల తాత పొలం ఉన్న చోట ఇప్పుడు ముప్పై అంతస్తుల మేడ ఉంది. మహా హుషారైన కుర్రాడు. ఒకసారి ఒక వేటగాడు "బాణం తగిలింది" అనగానే, మిగతా మాట వినకుండా "కంగ్రాట్స్ సర్!" అని అరిచాడు. అవతలాయన మిగతా మాట మెల్లగా చెప్పాడు. తగిలిన జంతువు పారిపోయిందట, వారమంతా కొండంతా వెతికినా దొరకలేదట, ఆ బాధతో వచ్చే ఏడు వేటకు వెళ్లనని భార్యతో అన్నాడట. నరేశ్ ఆ రోజు ఇడ్లీ తినలేదు. కొత్తగా చేరినవాళ్లకు నేను చెప్పే మొదటి మాట ఇదే: సంతోషించడానికి తొందరపడకండి, జాలిపడటానికి అంతకంటే తొందరపడకండి. మాట పూర్తిగా విని, విన్నదే కంప్యూటర్లో నొక్కండి.

స్వప్న

నా ఉద్యోగం చివరి సీజన్లలో ఒకదానికి బోరబండ నుంచి స్వప్న వచ్చింది. వాళ్ల నాన్న షేర్ ఆటో నడిపేవాడు, పొద్దున్న మొదటి ట్రిప్పులో కూతుర్ని మా గేటు దగ్గర దింపి పోయేవాడు. అణకువ అనేది ఆ పిల్ల దరిదాపుల్లో లేదు. చేరిన వారానికే మా మేనేజరు నడకను అనుకరించి అందరినీ నవ్వించింది. ఇంగ్లీషు గడగడా మాట్లాడుతుంది, తెలుగు అంతకంటే గడగడా.

ఆమె కాల్స్ అందరి కంటే పొడుగ్గా ఉండేవి. ఒకరోజు పిలిచి అడిగాను.

"ఏం పాపా, అంతసేపు ఏం మాట్లాడతావు వాళ్లతో?"

"మేడం, జంతువు దొరికినోడు ఏం చెప్తడు? పోయిన, కొట్టిన, తెచ్చిన. అయిపాయె. దొరకనోడు చెప్తడు చూడుండ్రి కథ!"

అని ముందురోజు కథ చెప్పింది. ఒకడు తెల్లారకముందే చెట్టెక్కి కూర్చున్నాడట. గంటల తరబడి కదలకుండా ఉండి, ఆకలేసి బ్రెడ్డు ముక్క తీసి నోట్లో పెట్టుకోగానే ఎల్క్ సరిగ్గా చెట్టు కిందికొచ్చి నిలబడిందట. నోట్లో ముక్క, చేతిలో సగం, విల్లేమో పక్క కొమ్మకు వేలాడుతోంది. ఎల్క్ తల పైకెత్తి ఆయన్ను చూసి, తీరుబడిగా గడ్డి మేసి వెళ్లిపోయిందట. "గిట్ల చెప్పుకుంట ఆయన ఒకటే నవ్వుడు మేడం. నేనేమో ఇంక నవ్వుడు." ఆ కథ చెబుతుంటే నాకూ కళ్లలో నీళ్లొచ్చాయి. దొరకదని తెలిసీ ఎందుకు పోతారో ఆ రోజు నాకు కొంచెం అర్థమైంది.

అయితే వారం వారం తీసే లెక్కలో గొడవ మొదలైంది. మిగతా పిల్లలందరి లెక్కల్లో "దొరికింది" అనేవి బాగా ఎక్కువ కనపడుతున్నాయి. స్వప్న లెక్కలో దాదాపు అన్నీ "లేదు". మా పనిలో దీనికి ఒక చెడ్డ అర్థం ఉంది. "దొరికింది" అని నొక్కితే తర్వాత బోలెడు ప్రశ్నలు వస్తాయి. ఎక్కడ, ఎప్పుడు, ఆడదా మగదా, కొమ్ములెన్ని. "లేదు" అని నొక్కితే సర్వే అక్కడితో అయిపోతుంది. పని ఎగ్గొట్టేవాళ్లు అవతలివాడు ఏం చెప్పినా "లేదు" నొక్కి చేతులు దులుపుకుంటారు.

మా మేనేజరు మూర్తిగారు నన్ను గదిలోకి పిలిచారు. ఆయనది తెనాలి, వాళ్ల నాన్నగారిది బట్టల దుకాణం. నేను చూసిన పెద్దల్లో చాలా మంచి మనిషి, కోపమొస్తే మాత్రం మంచీ చెడూ చూడరు.

"సుబ్బమ్మగారూ, ఆ అమ్మాయి కబుర్లు చెప్పుకుంటూ కూర్చుని ఉత్తుత్తి లేదులు నొక్కుతోందండి. ఆమె కాల్స్ అన్నీ తీసేసి మిగతావి పంపిద్దాం. శుక్రవారంతో ఆమెను ఆపేద్దామండి."

"సార్, రెండు రోజులు టైమివ్వండి. కాల్స్ రికార్డింగులు విని చెబుతాను."

"వినండి. కానీ శుక్రవారం మాత్రం దాటదండి."

బయటికి వస్తే స్వప్న ఎదురైంది. ఎవరో అప్పటికే చెవిలో వేసినట్టున్నారు. మొహంలో నవ్వు లేదు.

"నేనేం జేసిన మేడం? వాళ్లు లేదన్నరు, నేను లేదని కొట్టిన. జర మీరే ఇనుండ్రి. నౌకరి పోతే పోనీ, దొంగదని పేరు పెట్టి పంపిస్తరా?"

బోణీ

విన్నాను. స్వప్న కాల్స్‌లో అందరూ నిజంగానే "దొరకలేదు" అన్నారు. నాకు హాయిగా అనిపించింది. అయితే తప్పు మిగతావాళ్లదేనేమో, ఎక్కువ చేసి రాస్తున్నారేమోనని నరేశ్ కాల్స్, ఇంకో ఇద్దరివి విన్నాను. వాళ్లతో మాట్లాడినవాళ్లూ నిజంగానే "దొరికింది" అన్నారు, కొమ్ముల కొలతలు కూడా చెప్పారు. అందరూ నిజాయితీపరులే, లెక్కలు మాత్రం తూర్పూ పడమరా. నా తల తిరిగిపోయింది. ఇన్నేళ్ల సర్వీసులో అలాంటి చిక్కు నేను చూడలేదు.

మర్నాడు పొద్దున్న అందరికంటే ముందు వెళ్లి ఒక మూల కుర్చీలో కూర్చున్నాను. విన్నది చాలు, పని ఎలా మొదలవుతుందో చూద్దామనుకున్నాను. మూర్తిగారు రోజూలాగే లడ్డూల డబ్బా పట్టుకుని వచ్చారు. అది ఆయన పెట్టిన ఆనవాయితీ. మొదటి కాల్‌లో "దొరికింది" వచ్చినవాళ్లకు మొదటి లడ్డు. పిల్లలకు అదొక సరదా. నేను కూడా ఆ లడ్డూలు తిన్నాను గానీ, ఆ మొదటి కాల్ ఎలా ఎంచుకుంటారో ఎప్పుడూ గమనించలేదు.

నరేశ్ కంప్యూటర్లో పేర్ల జాబితా తెరిచి, పైనుంచి కిందికి వేలుతో వెతుకుతున్నాడు.

"ఏం వెతుకుతున్నావురా?"

"బోణీకి మంచి చెయ్యి చూస్తున్న మేడం."

జాబితాలో ప్రతి పేరు పక్కన పోయినేడు ఏం చెప్పారో కూడా ఉంటుంది. నరేశ్ పోయినేడు జంతువు దొరికినవాణ్ని, అందులోనూ సరదాగా మాట్లాడినవాణ్ని ఏరి ఫోన్ కలిపాడు. పక్కవాళ్లు కూడా అంతే. టీ తాగొచ్చాక మళ్లీ బోణీ. ఎవడైనా విసుక్కుని ఫోన్ పెట్టేస్తే ఆ చెడు పోవడానికి ఇంకో మంచి చెయ్యి. వేటలో చెయ్యి తిరిగినవాళ్లకు దాదాపు ఏటా దొరుకుతుంది కదా. వాళ్లందరినీ బోణీల పేరుతో వీళ్లే ఏరేసుకున్నారు. మిగిలిన ఉత్త చేతులవాళ్లంతా కొత్తగా వచ్చిన స్వప్న వాటాకు పడ్డారు. ఆమె అడ్డం చెప్పలేదు సరే కదా, కథలు వస్తున్నాయని సంబరపడింది. అందుకే వాళ్ల లెక్క నిజం కంటే ఎక్కువ, ఈమె లెక్క నిజం కంటే తక్కువ. ఎవరూ అబద్ధం చెప్పలేదు, అందరూ కలిసి పప్పులో కాలేశారు.

ఇలాంటి పొరపాటు ఇంకే ఊరివాళ్లూ చేయరనుకుంటాను. నేను ఆ మూల కుర్చీలో ఒక్కదాన్నే కూర్చుని నవ్వుకున్నాను.

మూర్తిగారికి చెప్పడం

పైవాళ్లకు తప్పు చూపించేటప్పుడు నీళ్లు నమలకూడదు. నేరుగా గదిలోకి వెళ్లి అంతా చెప్పాను. ఆయన మొహం ఎర్రబడింది.

"అంటే ఇదంతా నా లడ్డూల వల్లనంటారా?"

"లడ్డూల వల్ల కాదు సార్, బోణీ వల్ల."

"బోణీ లేకుండా దుకాణం ఎవరు తెరుస్తారండి? మా నాన్నగారు మంచి చెయ్యి ఉన్నవాళ్లు వచ్చేదాకా గల్లాపెట్టె తెరిచేవారు కాదు."

"సార్, మీ నాన్నగారి దుకాణంలో కొన్నవాడే లెక్క. ఇక్కడ అట్ల కాదు, ఉత్త చేతులతో పోయినోడు కూడా లెక్కే. వాణ్ని వదిలేస్తే మనం అమ్మేది ఏముంది?"

ఆయన లేచి, కిటికీలోంచి ఎదుటి మేడకు తాళ్ల మీద వేలాడుతూ అద్దాలు తుడిచేవాళ్లను చూస్తూ నిలబడ్డారు.

"సరే. రేపు శుక్రవారం. పోయినేటి జవాబు కనపడకుండా మూసేద్దాం. పేర్లన్నీ కలిపేసి కంప్యూటరే ఎవరికి ఎవరిని ఇస్తే వాళ్లకే ఫోన్. నేనూ కూర్చుని చేస్తాను. రేపు కూడా ఆ అమ్మాయి లెక్క అందరికంటే వేరుగా వస్తే మాత్రం ఇక నన్ను ఆపకండి."

"వేరుగా రాదు సార్" అన్నాను. ధైర్యంగానే అన్నాను గానీ, అది ఉత్త ధైర్యమే. ఒక్క పొద్దు కాల్స్ ఎటైనా తిరగవచ్చు. ఆ సంగతి నాకంటే బాగా ఎవరికి తెలుసు?

కలిపేసిన జాబితా

శుక్రవారం పొద్దున్న స్వప్న జడ గట్టిగా బిగించి వేసుకుని వచ్చింది. లడ్డూల డబ్బా మూత తీయకుండా బల్ల మీదే ఉంది. మూర్తిగారు హెడ్‌ఫోన్లు తలకిందులుగా పెట్టుకుంటే నరేశ్ సరిచేశాడు.

ఆయన తెర మీద మొదటి పేరు రాగానే వెనక నిలబడిన నరేశ్ "అయ్యో సార్, తాత!" అన్నాడు. పేరు నేను చెప్పను, ఎవరి పేర్లూ బయటపెట్టబోమని అందరం సంతకాలు పెట్టాం. ఏళ్లుగా మా జాబితాలో ఉన్న పెద్దాయన. ఏటా విల్లు పట్టుకుని అడవికి పోతాడు, ఏటా "లేదు" అంటాడు. మా ఫ్లోరులో ఎవరూ ఆయనకు పొద్దున్నే ఫోన్ చేయరు. మూర్తిగారు దేవుణ్ని తలచుకున్నట్టు ఒకసారి కళ్లు మూసి, ఫోన్ కలిపారు.

స్పీకర్లోంచి అందరం విన్నాం. ఈసారి జంతువు దొరికిందా అని అడిగితే తాత అటువైపు నవ్వడం మొదలుపెట్టాడు. ఆయనకు కొత్తగా చెవి మిషన్ పెట్టారట. తెల్లవారుతుండగా పెద్ద మగ ఎల్క్ ఒకటి పొదల్లోంచి తిన్నగా ఆయన వైపే వచ్చిందట. ఇన్నేళ్లలో ఎప్పుడూ అంత దగ్గరికి రాలేదు. ఊపిరి బిగబట్టి, విల్లు పూర్తిగా వెనక్కి లాగాడట. లాగిన చెయ్యి చెవి దగ్గరికి రాగానే మిషన్ "కుయ్య్" అని ఈల వేసిందట. మగ ఎల్క్‌లు పోటీకి పిలుచుకునేది కూడా అచ్చం అలాంటి ఈలతోనే. అది ఇంకో ఎల్క్ అనుకుని ఎల్క్ మెడ చాచి తిరిగి ఈల వేసిందట. మిషన్ మళ్లీ ఈల. ఎల్క్ మళ్లీ ఈల. "అది నా చెవితో పోట్లాటకు దిగింది! నవ్వాపుకోలేక నా విల్లు ఊగిపోయింది. చివరికి నా నవ్వు విని పారిపోయింది" అన్నాడు తాత.

మూర్తిగారి భుజాలు కదులుతున్నాయి. స్క్రిప్టులో లేని ప్రశ్న వేశారు.

"మరి వచ్చే ఏడు ఏం చేస్తారండి?"

"మిషన్ ఇంట్లో పెట్టి పోతాను."

"అప్పుడు అది వచ్చే చప్పుడు మీకు వినపడదు కదండి?"

తాత పడీపడీ నవ్వాడు. "నా భార్య కూడా ఇదే అంది! బాబూ, నీకు వేట తెలుసు" అన్నాడు. మూర్తిగారు కళ్లద్దాలు తీసి కళ్లు తుడుచుకుని, "లేదు" నొక్కారు. బల్ల కింద కాళ్లు ఊపుకుంటూ రెండో నంబరుకు కలిపారు. ఆ మనిషిని నేను అంత సంతోషంగా ఎప్పుడూ చూడలేదు.

వేళ అయిపోయాక లెక్కలన్నీ గోడ మీది తెర మీదికి వచ్చాయి. నరేశ్‌కూ మిగతావాళ్లకూ అక్కడొకటి ఇక్కడొకటి "దొరికింది", మిగతాదంతా "లేదు". స్వప్న వరస వాళ్ల వరసల్లో కలిసిపోయింది, ఏది ఎవరిదో పేరు చూస్తే తప్ప తెలియదు. నా గుండెల మీంచి పెద్ద బరువు దిగింది. ఒక్క వరస మాత్రమే వేరుగా ఉంది. పైనుంచి కిందిదాకా అన్నీ లేదులే, ఒక్క "దొరికింది" కూడా లేదు. అది మూర్తిగారిది.

స్వప్న లేచి నిలబడి తెర వైపు చూసింది, ఆయన వైపు చూసింది. నేను కళ్లతోనే వద్దని చెప్పాను. వింటుందా?

"ఏంది సార్, గిన్ని లేదులా? పనెగ్గొట్టిండ్రా?"

మూర్తిగారు తన వరసను ఇంకోసారి పైనుంచి కిందికి చూసుకున్నారు. లేచి, లడ్డూల డబ్బా తెరిచి, మొదటి లడ్డు తీసుకెళ్లి స్వప్న చేతిలో పెట్టారు.

"లేదమ్మా, కథలు వింటూ కూర్చున్నాను" అన్నారు. "సోమవారం తొందరగా రా. నువ్వు విన్న కథలన్నీ నాకు చెబుదువుగాని."